ఎన్నికల్లో నేరచరితులు

పార్లమెంటుకో శాసనసభకో పోటీ చేస్తున్న వ్యక్తిపై క్రిమినల్ కేసు ఉంటే పత్రికలు అతణ్ని నేరచరితుల జాబితాలో వేస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం ఇందులో మూడు అంచెలున్నాయి. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదు కావడం మొదటిది. దర్యాప్తు ముగిసి ఛార్జిషీటు దాఖలయ్యాక, విచారణకు తగిన ఆధారం ఉందని న్యాయమూర్తి అభియోగాలు నమోదు చేయడం రెండోది. సాక్ష్యాలు విని దోషిగా తేల్చి శిక్ష వేయడం మూడోది. మొదటి రెండు అంచెల్లో ఉన్నవారు ఎన్ని కేసులున్నా భారతదేశంలో పోటీ చేయవచ్చు. మూడో అంచెకు చేరినవారిలో కూడా కొందరికే అనర్హత వర్తిస్తుంది. అసలు చిక్కంతా మొదటి అంచెకూ మూడో అంచెకూ మధ్య గడిచే కాలంలో ఉంది. ఆ కాలం ఇక్కడ పదేళ్లు, పదిహేనేళ్లు సాగుతుంది. ఈలోగా రెండు మూడు ఎన్నికలు జరిగిపోతాయి.

జైలు నుంచి చట్టసభకు

జైల్లో ఉండి గెలిచిన ప్రతివారినీ ఒకే గాటన కట్టలేం. ఎమర్జెన్సీ కాలంలో బరోడా డైనమైట్ కేసులో నిర్బంధంలో ఉన్న జార్జి ఫెర్నాండెజ్ 1977లో బిహార్‌లోని ముజఫర్‌పుర్ నుంచి భారీ ఆధిక్యంతో లోక్‌సభకు ఎన్నికయ్యారు. జనతా ప్రభుత్వం వచ్చాక ఆ కేసును ఉపసంహరించారు. అది నిరంకుశత్వంపై జనం ఇచ్చిన తీర్పు. సరిగ్గా ఆ పట్టణం పొలిమేరల్లోనే పదిహేడేళ్ల తర్వాత జరిగిన ఘటన ఈ చరిత్రలో రెండో ముఖాన్ని చూపిస్తుంది. దాని బాధితుడు తెలుగువాడు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పేద దళిత కుటుంబంలో పుట్టిన జి. కృష్ణయ్య 1985 బ్యాచ్ ఐఏఎస్ అధికారి. 1994లో ఆయన బిహార్‌లోని గోపాల్‌గంజ్ జిల్లా మేజిస్ట్రేట్. ఆ డిసెంబరు 4న ఛోటన్ శుక్లా అనే ముఠా నాయకుడు హత్యకు గురయ్యాడు. అతడు ఆనంద్ మోహన్ స్థాపించిన బిహార్ పీపుల్స్ పార్టీ మనిషి. మర్నాడు శవయాత్ర ముజఫర్‌పుర్ దగ్గర జాతీయ రహదారి మీద సాగుతుండగా, సమావేశం ముగించుకుని గోపాల్‌గంజ్‌కు తిరిగి వెళ్తున్న కృష్ణయ్య కారు అటుగా వచ్చింది. ఆ హత్యతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. అది ఆయన జిల్లా కూడా కాదు. కారు మీద ఎర్ర బుగ్గ చూసిన గుంపు ఆయన్ను బయటికి లాగి కొట్టింది, ఆపై కాల్చి చంపింది. గుంపును ఉసిగొల్పాడన్న అభియోగం ఆనంద్ మోహన్ మీద పడింది.

తర్వాతి పరిణామాలను తేదీల వారీగా చూడాలి. 1996లో ఆనంద్ మోహన్ జైల్లో ఉంటూనే శివ్‌హర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. 1998లో మళ్లీ గెలిచాడు. కింది కోర్టు తీర్పు 2007లో వచ్చింది, మరణశిక్ష విధించింది. 2008లో పట్నా హైకోర్టు దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చింది, 2012లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. అంటే హత్యకూ తొలి తీర్పుకూ మధ్య పదమూడేళ్లు. ఆ వ్యవధిలోనే నిందితుడు రెండుసార్లు దేశానికి చట్టాలు చేసే సభలో సభ్యుడయ్యాడు. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపినవారికి శిక్ష తగ్గింపు వర్తించదన్న నిబంధన బిహార్ జైలు మాన్యువల్‌లో ఉండేది. 2023 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తొలగించింది, అదే నెలలో ఆనంద్ మోహన్ విడుదలయ్యాడు. కృష్ణయ్య భార్య హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో శివ్‌హర్ స్థానాన్ని ఆనంద్ మోహన్ భార్య గెలుచుకున్నారు. చట్టం ఒక వ్యక్తిని బరిలోంచి తప్పించినా టికెట్ ఆ ఇంటి గడప దాటకపోవడం దేశంలో చాలా నియోజకవర్గాల్లో కనిపించే తీరు.

కృష్ణయ్య హత్యకు ఏడాది ముందే కేంద్ర ప్రభుత్వం చేతిలో ఒక హెచ్చరిక ఉంది. 1993 మార్చి బొంబాయి పేలుళ్ల తర్వాత హోం శాఖ కార్యదర్శి ఎన్.ఎన్. వోహ్రా అధ్యక్షతన వేసిన కమిటీ అదే అక్టోబరులో నివేదిక ఇచ్చింది. నేర ముఠాలు, రాజకీయ నాయకులు, అధికారులు కుమ్మక్కయ్యారనీ, కొన్ని ప్రాంతాల్లో ఆ ముఠాలు సమాంతర ప్రభుత్వం నడుపుతున్నాయనీ చెప్పింది. దాన్ని పార్లమెంటు ముందుంచడానికి 1995 ఆగస్టు దాకా పట్టింది. పేర్లూ ఆధారాలూ ఉన్నాయని భావించే అనుబంధాలు నేటికీ బయటికి రాలేదు. 1997లో తెలుగువాడైన ఎన్నికల కమిషనర్ జి.వి.జి. కృష్ణమూర్తి దాదాపు 40 మంది ఎంపీలపైనా, 700 మంది దాకా ఎమ్మెల్యేలపైనా క్రిమినల్ కేసులున్నాయని బహిరంగంగా ప్రకటించారు. అప్పటికి అభ్యర్థులు తమ కేసుల గురించి చెప్పి తీరాలన్న నియమమే లేదు.

అఫిడవిట్ ఎలా వచ్చింది

1999 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వంలోని లోక్‌సత్తా ఉద్యమం నేరచరిత ఉన్న అభ్యర్థుల జాబితాను విడుదల చేసింది. అదే ఏడాది అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్, అంటే ఏడీఆర్, అనే సంస్థను స్థాపించి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అభ్యర్థి గతం తెలుసుకోవడం ఓటరు హక్కు అన్నది వారి వాదన. 2002 మే 2న సుప్రీంకోర్టు ఆ వాదనను ఆమోదించింది. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో ఈ హక్కు ఇమిడి ఉందని చెప్పింది. దీనికి వ్యతిరేకంగా పార్టీలన్నీ ఒక్కటయ్యాయి. వెల్లడించాల్సిన వివరాలను కుదించి, కోర్టు ఏం చెప్పినా అంతకు మించి వెల్లడించనక్కర్లేదని ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, లోక్‌సత్తా, ఏడీఆర్ మళ్లీ కోర్టుకు వెళ్లాయి. 2003 మార్చి 13న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ అడ్డు పెట్టిన సెక్షన్‌ను కొట్టివేసింది. వారిలో జస్టిస్ పి. వెంకటరామరెడ్డి తెలుగువారు.

నామినేషన్‌తో పాటు ఇచ్చే 26వ నంబరు ఫారం ఆ పోరాటం ఫలితం. పెండింగ్ కేసుల పట్టికలో ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు, సెక్షన్లు, నేరం ఏమిటన్న క్లుప్త వివరణ, అభియోగాలు నమోదయ్యాయా లేదా, అయితే ఏ తేదీన అన్న గడులుంటాయి. శిక్ష పడిన కేసులకు వేరే పట్టిక. నోటరీ చేయించిన ఈ ప్రమాణపత్రాన్ని రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీద పెడతారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంచుతారు. గడులు ఖాళీగా వదిలి, పూరించమన్నా పూరించకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పుడు వివరాలిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంత పెద్ద హక్కుకు కాపలాగా పెట్టిన శిక్ష ఇంత చిన్నది కావడం ఈ చట్టంలో ఉన్న పెద్ద లోపం.

ఈ పట్టికను చదవడం తెలిసినవారు ముందు కేసుల సంఖ్య చూడరు, సెక్షన్లు చూస్తారు. పాత శిక్షాస్మృతిలో 302 హత్య, 307 హత్యాయత్నం, 376 అత్యాచారం. 188 అంటే అధికారుల ఉత్తర్వును ధిక్కరించడం, చాలాసార్లు అనుమతి లేకుండా ఊరేగింపు తీయడం లాంటిదే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి నంబర్లు మారాయి కాబట్టి ఇప్పటి అఫిడవిట్లలో పాతవీ కొత్తవీ కలిసి కనిపిస్తాయి. 2024లో కేరళలో పోటీ చేసిన కె. సురేంద్రన్ అఫిడవిట్‌లో 240కి పైగా కేసులున్నాయి, అందులో చాలావరకు శబరిమల ఆందోళన కాలంలో పెట్టినవే. రెండు వందల నిరసన కేసులున్న అభ్యర్థి కన్నా ఒక్క 302 ఉన్న అభ్యర్థి గురించి ఓటరు ఎక్కువ ఆలోచించాలి.

అనర్హత ఎప్పుడు

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ఇందుకు ఆధారం. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం, ఓటర్లకు లంచం ఇవ్వడం, అత్యాచారం, అవినీతి నిరోధక చట్టం కింది నేరాలు వంటివి ఒక జాబితాగా ఉంటాయి. వాటిలో జరిమానా మాత్రమే పడినా ఆరేళ్లు పోటీకి అనర్హులు. మిగతా నేరాల్లో చాలావాటికి రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే, శిక్ష పడిన రోజు నుంచి విడుదలయ్యాక ఆరేళ్ల దాకా అనర్హత ఉంటుంది. జైల్లో ఉన్న వ్యక్తికి ఓటు వేసే హక్కు లేదు, పోటీ చేసే హక్కు మాత్రం ఉంది. ఓటు లేనివాడు పోటీకీ తగడని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, పార్లమెంటు ఆ ఏడాదే చట్టం సవరించి దాన్ని పక్కన పెట్టింది.

పదవిలో ఉన్నవారికి 8వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ఒక రక్షణ ఇచ్చేది. మూడు నెలల్లో అప్పీలు వేస్తే అది తేలేదాకా సీటు పోయేది కాదు. కేరళకు చెందిన న్యాయవాది లిలీ థామస్ వేసిన కేసులో 2013 జులై 10న సుప్రీంకోర్టు దీన్ని కొట్టివేసింది. తీర్పును వమ్ము చేసే ఆర్డినెన్సుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అధికార పార్టీ ఉపాధ్యక్షుడైన రాహుల్ గాంధీయే దాన్ని చించి పారేయాలని విలేకరుల ముందు అనడంతో వెనక్కి తీసుకున్నారు. ఆ శరదృతువులోనే రషీద్ మసూద్, లాలూ ప్రసాద్ యాదవ్ పార్లమెంటు సభ్యత్వాలు పోయాయి. మరుసటి ఏడాది ఆస్తుల కేసులో జయలలిత ముఖ్యమంత్రి పదవిని కోల్పోయారు. 2023 మార్చిలో రాహుల్ గాంధీకి కూడా ఇదే నిబంధన వర్తించింది. పరువునష్టం కేసులో సూరత్ కోర్టు ఆయనకు రెండేళ్ల జైలు విధించింది. ఆ నేరానికి అదే గరిష్ఠ శిక్ష, అనర్హతకు అదే కనీస హద్దు. గరిష్ఠ శిక్ష ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చెప్పలేదని సుప్రీంకోర్టు ఆగస్టు 4న దోషిత్వంపై స్టే ఇచ్చాక సభ్యత్వం తిరిగి వచ్చింది.

స్టే అందరికీ సకాలంలో దొరకదు. 2022 అక్టోబరులో విద్వేష ప్రసంగం కేసులో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఆజం ఖాన్‌కు మూడేళ్ల శిక్ష పడింది, రామ్‌పుర్ స్థానం ఖాళీ అయింది. డిసెంబరులో ఉప ఎన్నిక జరిగి మరొకరు గెలిచారు. 2023 మేలో సెషన్స్ కోర్టు ఆయన్ను నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి సీటు పోయింది. తొందరపడితే జరిగే నష్టం కూడా నిజమైనదే. దాన్ని దాటవేసి ఈ చర్చ చేయకూడదు.

లెక్కలు

ఏడీఆర్ అఫిడవిట్లను క్రోడీకరించి ఇచ్చే లెక్కల ప్రకారం కేసులున్న లోక్‌సభ సభ్యులు 2009లో 162 మంది, 2014లో 185, 2019లో 233, 2024లో 251. మొత్తం 543 మందిలో ఇది 46 శాతం. హత్య, హత్యాయత్నం, అపహరణ, మహిళలపై నేరాల వంటి తీవ్ర కేసులున్నవారు 2009లో 76 మంది ఉంటే 2024 నాటికి 170కి చేరారు. కేసులున్న అభ్యర్థుల గెలుపు అవకాశం 2024లో 15.3 శాతం, లేనివారిది 4.4 శాతం. ఈ చివరి పోలికను జాగ్రత్తగా చదవాలి. కేసుల్లేనివారిలో డిపాజిట్ కూడా దక్కని స్వతంత్రులు వేలల్లో ఉంటారు. జనం నేరస్తులనే కోరుకుంటున్నారని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటు. పెద్ద పార్టీలు కేసులున్నవారికి విరివిగా టికెట్లిస్తున్నాయని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

తెలుగు రాష్ట్రాలు

2025 మార్చిలో ఏడీఆర్ దేశంలోని 4,092 మంది ఎమ్మెల్యేల అఫిడవిట్లు పరిశీలిస్తే 1,861 మందిపై కేసులున్నట్టు తేలింది. శాతంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 138 మంది, అంటే 79 శాతం. తెలంగాణ 69 శాతంతో కేరళ సరసన నిలిచింది. 2019లో గెలిచిన ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేల్లో కేసులున్నవారు 55 శాతమే.

అయిదేళ్లలో ఇంత పెరుగుదల రావడానికి కొత్తగా నేరస్తులు పుట్టుకురావడం ఒక్కటే కారణం కాదు. అధికారంలో ఎవరుంటే వారు ఎదుటి పక్షంపై కేసులు పెట్టించడం, ఓడినవారు గెలిచాక ఆ కేసులు ఎత్తివేయించుకుని బాకీ తీర్చుకోవడం ఆంధ్రప్రదేశ్‌లో పార్టీల తేడా లేకుండా వినిపించే ఆరోపణ. తెలంగాణలో మరో పొర ఉంది. రైల్‌రోకోలు, రాస్తారోకోలు, బంద్‌లు, 2011 నాటి సకల జనుల సమ్మె వేలాదిమందిపై కేసులు మిగిల్చాయి. కె. చంద్రశేఖరరావు 2018 అఫిడవిట్‌లోని 64 కేసుల్లో అత్యధికం ఉద్యమ కాలానివే.

అలాగని తెలుగు నేలకు నెత్తుటి చరిత్ర లేదనలేం. రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్లో ఆధిపత్యం కోసం రెండు కుటుంబాల మధ్య మొదలై, కాంట్రాక్టులు, పంచాయతీ, సమితి, అసెంబ్లీ దాకా పాకిన తీరును పౌరహక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ లోతుగా రాశారు. వేటకొడవలి, నాటుబాంబు పట్టిన అనుచరగణం ఎన్నికల రోజు బూత్ ఏజెంట్ల దళం అయ్యేది. 1997 నవంబరులో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఎమ్మెల్యే పరిటాల రవి లక్ష్యంగా పేలిన కారుబాంబు 26 మందిని బలిగొంది. 2004లో పెనుకొండలో రవి ప్రత్యర్థి, ఆ కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి భార్య. 2005 జనవరి 24న అనంతపురంలో తన పార్టీ కార్యాలయంలోనే ఎమ్మెల్యేగా ఉన్న రవిని కాల్చి చంపారు. 2011 జనవరిలో హైదరాబాద్‌లో సూరి హతమయ్యాడు. విజయవాడలో ముఠా తగాదాల నడుమ ఎదిగిన ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా 1988 డిసెంబరు 26న నిరాహార దీక్షా శిబిరంలోనే హత్యకు గురయ్యారు. ఇప్పుడు ఆ స్థాయి హింస తగ్గింది. ఇసుక, మద్యం, భూములు, గనులు బాంబుల చోటుకు వచ్చాయి.

టికెట్ ఎందుకిస్తారు

పత్రికల భాషలో గెలుపు గుర్రాలు ఎవరంటే సొంతంగా ఖర్చు పెట్టుకోగలిగినవారు. పెద్ద రాష్ట్రాల్లో వ్యయ పరిమితి లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లని గ్రామంలో ఎవర్నడిగినా చెప్తారు. పార్టీ నిధికి ఎదురిచ్చే అభ్యర్థి ముందు కేసుల కాగితం తేలిపోతుంది. రాజకీయ పరిశోధకుడు మిలన్ వైష్ణవ్ 2017లో తెచ్చిన పుస్తకంలో ఓటరు వైపు కారణాన్నీ వివరించాడు. కులాల మధ్య పోటీ తీవ్రంగా ఉండి, తహసీల్దారు ఆఫీసులోనూ ఠాణాలోనూ సామాన్యుడికి పని జరగనిచోట జనం తెలిసే ఇలాంటివారిని ఎన్నుకుంటారని అతడి వాదన. మనవాడు, పని చేయించగలడు అన్న నమ్మకం ముందు అఫిడవిట్ ఓడిపోతుంది. ఈ మాట ఓటరును నిందించడానికి కాదు. ఠాణా అందరికీ సమానంగా పనిచేస్తే ఆ నమ్మకానికి గిరాకీ ఉండదు.

అభియోగాలు నమోదైనంత మాత్రాన అనర్హులను చేయడం తమ పని కాదని 2018 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. బదులుగా అభ్యర్థీ పార్టీ కూడా ఆ కేసులను పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. కేసుల్లేనివారిని కాదని ఇతణ్నే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ 48 గంటల్లో కారణం చెప్పాలి, గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కాకూడదు. ఆ ఏడాది బిహార్ ఎన్నికల్లో పార్టీలు ఈ పనిని మొక్కుబడిగా పూర్తి చేశాయి. సమాజ సేవకుడు, ప్రజాదరణ ఉంది, కేసు రాజకీయ ప్రేరేపితం అన్న వాక్యాలే ఫారాల్లో తిరిగాయి. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఎనిమిది పార్టీలకు జరిమానా వేసింది, ఆరింటికి లక్ష చొప్పున, సీపీఎం, ఎన్సీపీలకు అయిదు లక్షల చొప్పున. కోట్లు ఖర్చుపెట్టే పార్టీలకు లక్ష రూపాయలు లెక్కలోకి రావు.

ఆలస్యం

2017 డిసెంబరులో కేంద్రం ప్రజాప్రతినిధుల కేసులకు 12 ప్రత్యేక కోర్టులకు అంగీకరించింది. వాటిలో ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి విజయవాడలో ఏర్పడ్డాయి. కోర్టుకు సహాయకుడిగా నియమితుడైన న్యాయవాది విజయ్ హన్సారియా నివేదికల్లో పెండింగ్ కేసులు 2018లో 4,122 ఉంటే 2021 డిసెంబరుకు 4,984 అయ్యాయి. సమన్లు అందవు, సాక్షులు ఎదురు తిరుగుతారు, హైకోర్టు స్టేలు ఏళ్ల తరబడి కదలవు. ప్రభుత్వాలు జీవోలతో కేసులు ఎత్తేస్తాయి కాబట్టి, ప్రజాప్రతినిధులపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

అనంతపురం జిల్లా ఓబుళాపురం గనుల కేసును సీబీఐ 2009లో నమోదు చేసింది. హైదరాబాద్ సీబీఐ కోర్టు 2025 మే 6న తీర్పు చెప్పి గాలి జనార్దనరెడ్డికి ఏడేళ్ల శిక్ష వేసింది. కేసుకూ తీర్పుకూ నడుమ ఆయన కొత్త పార్టీ పెట్టి, 2023లో కర్ణాటక గంగావతి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. తీర్పుతో సభ్యత్వం పోయింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు అమలును నిలిపివేశాక తిరిగి వచ్చింది. పదహారేళ్లకు వచ్చిన తొలి తీర్పుపై అప్పీలు ఇంకా మిగిలే ఉంది.

ఇతర దేశాలు, ప్రతిపాదనలు

శిక్ష పడినవారు పోటీ చేయకూడదన్న అడ్డంకి అమెరికా రాజ్యాంగంలో లేదు. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ 1920లో అట్లాంటా జైలు నుంచి అధ్యక్ష పదవికి పోటీ చేసి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పొందాడు. 2024లో 34 అభియోగాల్లో దోషిగా తేలిన డొనాల్డ్ ట్రంప్ అదే ఏడాది గెలిచాడు. బ్రెజిల్ దారి వేరు. 13 లక్షల మందికి పైగా పౌరులు సంతకాలు చేసి కోరితే వచ్చిన 2010 నాటి చట్టం, ఒకరికి మించిన న్యాయమూర్తుల ధర్మాసనం దోషిగా తేల్చినవారిని ఎనిమిదేళ్లు పోటీకి దూరం పెడుతుంది. దాని కిందే 2018లో మాజీ అధ్యక్షుడు లూలా పోటీ చేయలేకపోయాడు. 2021లో ఆ శిక్షలు రద్దయ్యాయి.

భారతదేశంలో అభియోగాల నమోదు దశలోనే అనర్హత పెట్టాలన్న సూచన పాతదే. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షుడిగా ఉన్న లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో కొన్ని నేరాలకు దీన్ని సిఫారసు చేసింది. 2014లో 244వ నివేదిక మరింత వివరంగా చెప్పింది. అయిదేళ్లు ఆపైన శిక్ష పడగల నేరాలకే ఇది వర్తించాలి, నామినేషన్ల పరిశీలనకు ముందు ఏడాదిలోపు నమోదైన అభియోగాలను లెక్కలోకి తీసుకోకూడదు. ఎన్నికల ముందు ప్రత్యర్థిపై కేసు పెట్టించి తప్పించే ఎత్తుకు ఈ రెండో షరతు విరుగుడు. ఇప్పటిదాకా వచ్చిన సూచనల్లో ఆలోచించి చేసినది ఇదే. పార్లమెంటు దీన్ని చేపట్టలేదు. శిక్ష పడినవారిని జీవితాంతం నిషేధించాలన్న పిటిషన్‌ను కేంద్రం 2025 ఫిబ్రవరిలో వ్యతిరేకించింది, కాలపరిమితి నిర్ణయం పార్లమెంటుదేనంది. ఆ ఆగస్టు 20న ప్రవేశపెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు వేరే దారి పట్టింది. దాని ప్రకారం అయిదేళ్లు ఆపైన శిక్ష పడగల కేసులో వరుసగా ముప్పై రోజులు నిర్బంధంలో ఉన్న మంత్రి, ముఖ్యమంత్రి, ప్రధాని ముప్పై ఒకటో రోజున పదవి కోల్పోతారు. అభియోగాలను న్యాయమూర్తి పరిశీలించక ముందే, అరెస్టు ఆధారంగా పదవి పోయే ఈ ఏర్పాటు దర్యాప్తు సంస్థల చేతికి ఆయుధం ఇస్తుందని ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి. బిల్లును సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. అరెస్టయిన వ్యక్తి ఎమ్మెల్యేగానో ఎంపీగానో కొనసాగడానికీ, జైలు నుంచి మళ్లీ నామినేషన్ వేయడానికీ ఆ బిల్లు అడ్డు చెప్పదు.